గోడమీది గిన్నె

పొరుగింటినుండి కూరయో పచ్చడియో వచ్చిన గిన్నెను వట్టిగా తిరిగి పంపరాదని మన పెద్దలు చెప్పుదురు. ఏమియు లేకున్న పిడికెడు పంచదారయైనను, నాలుగు పచ్చిమిరపకాయలైనను వేసి పంపవలెనని మా అమ్మగారు మాకు చిన్ననాడే నేర్పిరి. నియమము చిన్నదే కాని, అందులో నొక చిక్కు కలదు. వట్టిగిన్నె పంపరాదు గనుక గిన్నె ఋణమెన్నటికిని తీరదు. ఒకసారి గోడ దాటిన గిన్నె ఇటు నటు తిరుగుచునే యుండును. అట్లు నలువదియేండ్లుగా తిరుగుచున్న యొక గిన్నెను గూర్చియు, నడుమ నొకసారి అది మా యింట కొన్ని వారములు కదలక కూర్చుండుటను గూర్చియు సోదరీమణులతో చెప్పుకొనవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము.

మేము కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునుండి హైదరాబాదునకు వచ్చినది 1983వ సంవత్సరమున. మావారికి ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉద్యోగమయ్యెను. విశ్వవిద్యాలయపు ఇండ్లలో వెంటనే చోటు దొరకనందున తార్నాకలో నొక చిన్న యిల్లు అద్దెకు పుచ్చుకొంటిమి. కొన్నియేండ్లకు దానినే కొంటిమి. తార్నాక యను పేరు మా కప్పుడు వింతగా తోచెను. ఉర్దూలో 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా కావలి చోటు. పూర్వమిక్కడ తోటలకు తీగకంచె వేసి కావలి యుంచిరనియు, అందుచేత నా పేరు వచ్చినదనియు ఇచ్చటి పెద్దలు చెప్పుదురు. మేము వచ్చునాటికి కంచెలు లేవు. ఇంటికిని ఇంటికిని నడుమ మొలలోతు గోడలు మాత్రముండెను.

సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని ఆర్ట్సు కళాశాల ముందరికి నడచిపోవుట మాకు వాడుక. గులాబిఛాయ గల రాతితో కట్టిన యా భవనమునకు రూపకల్పన చేసినవాడు బెల్జియము దేశస్థుడైన ఎర్నెస్టు జాస్పరు. 1939 డిసెంబరు 4వ తేదీన దానికి ప్రారంభోత్సవము జరిగినది. విశ్వవిద్యాలయము మాత్రము అంతకు చాల ముందే, 1918లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున నేర్పడి, తొలుత అద్దె యిండ్లలో నడచినది. పైచదువులు ఇంగ్లీషున గాక ఉర్దూలో చెప్పిన విద్యాలయమది. పాఠ్యగ్రంథముల ననువదించుటకు ప్రత్యేకముగా నొక శాఖయే యుండెడిది. మావారు ఈ కథలన్నియు చెప్పుచుండగా మేము మెట్లమీద కూర్చుండి, రేపటికి కూర యేమి చేయవలెనా యని ఆలోచించుకొనెడివారము. దాచనేల?

ఆ యింటికి వచ్చిన మూడవనాడు గోడ కావలివైపునుండి యొక గొంతు వినవచ్చినది. "చెల్లె, ఎల్లిగడ్డ ఉన్నదా?" అని యడిగిరి. మేము గౌరవముగా రెండు ఉల్లిపాయలు తెచ్చి గోడమీద పెట్టితిమి. ఆమె వానిని చూచి, మమ్ము చూచి, పకపక నవ్వినది. ఎల్లిగడ్డ యనగా వెల్లుల్లియని ఆ దినము తెలిసెను. ఆలుగడ్డ యనగా బంగాళాదుంప యనియు, పల్లీలనగా వేరుశనగగింజలనియు, సల్ల యనగా చల్లయే యనియు క్రమముగా నేర్చుకొంటిమి. ఆమె జనగామవైపు ఆడపడుచు. భర్త లాలాగూడ రైల్వే కర్మాగారమున పనిచేయుచుండెను. మాకంటె నాలుగైదేండ్లు పెద్ద గనుక ఆమెను అక్కయ్య యని పిలువ నారంభించితిమి. ఆమెకు మేము మొదటినాడే చెల్లెలమైతిమి.

గోడపైన నొకచోట షాబాదుబండ పరచియుండెను. అదియే మా యిరువురి అంగడి. గిన్నె దానిమీద పెట్టి "చెల్లె!" అని కేకవేయుట, మేము పోయి తీసికొనుట. ఆ గిన్నె యేమంత చూడదగినది కాదు. అంచున సొట్ట, అడుగున అక్కయ్యగారి అత్తగారి పేరు చెక్కిన స్టీలుగిన్నె. మొదట అందులో వచ్చినది పచ్చిపులుసు. ఆ సంగతి చెప్పుటకు మాకిప్పటికిని సిగ్గగుచున్నది. చింతపండు పిసికిన నీటిలో కాల్చిన పచ్చిమిరపకాయలు నలిపి, ఉల్లిపాయ ముక్కలును, ఇంత బెల్లమును, ఉప్పును కలిపి, పైన తాళింపు వేయుటయే దాని పద్ధతి. పొయ్యిమీద మరిగింపరు. మే మది యెరుగక, పాపమీమె తొందరలో పొయ్యిమీద పెట్టుట మరచినది కాబోలునని జాలిపడి, ఆ పులుసును చక్కగా మరిగించి, మావారికి వడ్డించితిమి. మరునాడు అక్కయ్య "ఎట్లున్నది?" అని యడుగగా, "కొంచెము మరిగించితిమి, బాగున్నది" అంటిమి. ఆమె వెంటనే వంటయింటిలోనికి పరుగెత్తి, అత్తగారిని పిలిచి, ఇద్దరును కొంతసేపు బయటికి రాలేదు. నవ్వుచుండిరని తరువాత తెలిసెను.

మరొకసారి మా పుట్టింటినుండి గోంగూర కట్టలు వచ్చినవి. ఇది హైదరాబాదులో దొరకని వస్తువని తలచి, కొంత గర్వముతోనే ఒక కట్ట గోడమీద పెట్టితిమి. అక్కయ్య దానిని త్రిప్పిచూచి, "ఇది పుంటికూరనే గద చెల్లె" అన్నది. వారి పెరటిలో మొలలోతు పెరిగియున్నది! గర్వమునకు మందు ఇట్లే దొరకుచుండును. కాని ఆ పుంటికూరతో మేము చేసిన పచ్చడిని, ఆమె చేసిన పప్పును ఒకే పూట రెండిండ్లవారమును తిని, ఆకు ఒకటే యైనను రుచులు రెండని ఒప్పుకొంటిమి.

సర్వపిండి సంగతియు చెప్పవలెను. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారము, ఉప్పు చేర్చి, నీళ్ళు పోసి ముద్దగా కలిపి, నూనె రాచిన గిన్నె లోపలి అంచులవరకు చేతితో పలుచగా అద్దుదురు. వ్రేలితో అక్కడక్కడ గుంటలు చేసి, వానిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి, సన్నని సెగమీద నుంచుదురు. గిన్నె ఆకారముననే వచ్చును గనుక దీనిని గిన్నప్ప యనియు కొందరందురు. ఒక గిన్నె దింపిన పిమ్మట అది చల్లారువరకు రెండవది అద్దుట కష్టము. కాలిన గిన్నెకు పిండి యంటుకొనదు, చేతికి సెగ తగులును. అక్కయ్యగారి అత్తగారు అందుకై మూడు గిన్నెలు వరుసగా పెట్టుకొని, ఒకటి పొయ్యిమీద, ఒకటి చల్లారుచు, ఒకటి అద్దుచు నుండెడివారు. మా దిబ్బరొట్టెయు నటువంటిదే కదా! మినపపిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపుగిన్నెలో నూనె వేసి, పిండి పోసి, మూతపెట్టి, అడుగు ఎర్రగా మాడువరకు ఓపికతో నుంచుటయే. దిబ్బరొట్టె మొదటిసారి గోడ దాటినపుడు ఆ ముసలమ్మగారు దానిని విరిచి, అడుగు చూచి, "గిన్నె తెలిసిన చెయ్యి" అన్నారట. మా వంటకు అంతటి మెప్పు మరల రాలేదు.

మా వీథినుండి గాక విశ్వవిద్యాలయపు ఇండ్లనుండియు మాకొక గిన్నె వచ్చుచుండెను. మావారి శాఖలోని యొక ఆచార్యులవారి భార్యను మేమందరమును ఆపా యని పిలిచెడివారము. రంజాను పండుగనాడు పాలు, సేమియా, ఖర్జూరములతో కాచిన షీర్‌ఖుర్మా పంపెడివారు. మేము శాకాహారులమని యెరిగి, మాకై వేరుగా నొక పాత్రనే యుంచి, అందులో బగారా బైంగను చేసెడివారు. నువ్వులు, పల్లీలు, కొబ్బరి నూరి, చింతపులుసు పోసి చేసిన యా వంకాయలను చూచి అక్కయ్య, "ఇది మన గుత్తివంకాయకు మేనత్త బిడ్డ" అన్నది. మా ముగ్గురిలో నా వంకాయ యెవరిదను తగవు ఏనాడును తేలలేదు. ఆపా తరువాత పిల్లలయొద్దకు దూరదేశము పోయిరి.

మా వీథికి కొంతదూరముననే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్టు మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ప్రారంభించిన చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి ఇప్పటి పేరుతో నున్నది. విశ్వవిద్యాలయమును ఈ సంస్థయు ఒకే యేట పుట్టి, వేరువేరు చోట్ల పెరిగి, కడకు ఇరుగుపొరుగులైనవి. మన దేశపు ధాన్యములు, పప్పులు, కూరగాయలలో నేయే పోషకములెంత యున్నవో తెలుపు పట్టికల పుస్తకమును వారు ప్రకటించినారు. మావారు దానిని విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునుండి తెచ్చినపుడు మేమును అక్కయ్యయు గోడకిరుప్రక్కల నిలువబడి చదువుకొంటిమి. నూరు గ్రాముల మరపట్టిన బియ్యములో సున్నపుధాతువు పది మిల్లీగ్రాములకు మించదు, రాగులలో మూడువందలకు పైగా నుండును, నువ్వులలోనైతే వేయి మిల్లీగ్రాములు దాటును! సకినాలలో నువ్వులేల అంత ధారాళముగా వేయుదురని మే మంతకుముందు అడిగియుంటిమి. ఆ దినమున అక్కయ్య పుస్తకమును మూసి, "సూసినవా?" అన్నది. అంతే.

జొన్నల సంగతి మరికొంత చిక్కైనది. 1960లో ఈ పరిశోధనశాలలోనే డాక్టరు సి. గోపాలన్ గారును వారి సహచరుడును జొన్నలలో లూసిన్ అను పదార్థము అధికముగా నుండుటకును, జొన్నలే ముఖ్యాహారమైన పేదలకు వచ్చు పెల్లాగ్రా యను వ్యాధికిని సంబంధము కలదని ప్రకటించిరి. అయితే ఆ వ్యాధి జొన్నరొట్టె తప్ప మరేమియు దొరకని నిరుపేదలది. అక్కయ్యగారి అత్తగారు ఏ పుస్తకమును చదువకయే, రొట్టెతో పప్పుగాని చల్లగాని ఆకుకూరగాని లేనిదే విస్తరి వేయనిచ్చెడివారు కారు. రొట్టెను నీళ్ళు చిలుకరించుచు అరచేతితో తట్టి, అంచు విరుగకుండ గుండ్రముగా చేయుట మేము రెండేండ్లు ప్రయత్నించియు సరిగా నేర్చుకొనలేకపోతిమి. ఈ జొన్నరొట్టెయే తరువాత మా యిరువురి నడుమ ముల్లైనది. అందుచేత నింత చెప్పవలసివచ్చినది.

ప్రతి సంవత్సరము సంక్రాంతికి నాలుగు దినములముందు అక్కయ్య యింట సకినాలు. నానబెట్టి వడకట్టిన బియ్యమును తడి ఆరకమునుపే పిండి పట్టించి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడుపుదురు. నేలమీద తెల్లని బట్ట పరచి, చుట్టును కూర్చుండి, పిండిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పురివేయుచు ఒకదానిచుట్టు నొకటిగా మూడు నాలుగు చుట్లు చుట్టవలెను. కొంత తడి లాగిన పిమ్మట పళ్ళెముతో మెల్లగా నెత్తి నూనెలో విడుతురు. ఇది ఒక్కచేతి పని కాదు. కుంచెడు బియ్యపు సకినాలకు ఐదారుగురు స్త్రీలు కూర్చుండవలెను. వీథిలోని వారందరును వచ్చెడివారు. మాకు బట్టకొసన ఒక చోటు స్థిరముగా నుండెను. మేము చుట్టినవి వంకరగా నుండెడివి. వానిని పిల్లలకని వేరుగా తీసియుంచెడివారు.

ఇట్లు ఇరువదియారేండ్లు గడచినవి. 2009వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలు వచ్చినవి. ప్రత్యేక తెలంగాణోద్యమమునకు ఉస్మానియా విశ్వవిద్యాలయము నట్టింటివలె నయ్యెను. విద్యార్థుల ఊరేగింపులు, పోలీసుల లాఠీలు, బాష్పవాయువు. డిసెంబరు 9వ తేదీ రాత్రి రాష్ట్ర మేర్పరచు ప్రక్రియ ఆరంభమగునని కేంద్రప్రభుత్వము ప్రకటించెను. ఆ రాత్రి మా వీథిలో టపాకాయలు కాల్చిరి. ఆ వెంటనే కోస్తా జిల్లాలలో దానికి విరోధముగా ఉద్యమము లేచెను. మా యింట టెలిఫోను ఆగకుండ మ్రోగుచుండెను. "మీరు అక్కడ ఉండగలరా? వచ్చివేయుదురా?" అని బంధువుల ప్రశ్నలు. తార్నాకలోనే పుట్టి పెరిగిన మా అబ్బాయి ఒకనాడు భోజనముచేయుచు, "మనమెక్కడివారము?" అని యడిగెను. మావారు అన్నము కలుపుట మానిరి. మేము చారు వడ్డించితిమి. అది జవాబు కాదని మాకును తెలియును.

అక్కయ్యగారి చిన్నకుమారుడు అప్పుడు విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువుచుండెను. రాత్రులు కన్నులెర్రజేసికొని యింటికి వచ్చెడివాడు. మేము వారి గుమ్మములోనికి పోయి, చన్నీళ్ళతో వాని కన్నులు కడిగితిమి. మమ్ము పిన్ని యని పిలిచెడి బిడ్డ. వాని ఉద్యమము వానిది, మా భయము మాది. ఆ రెంటికి నడుమ నీళ్ళచెంబు అడ్డురాలేదు.

అడ్డు వచ్చినది మరొకటి. డిసెంబరు మూడవ వారమున మా దగ్గరి బంధువురాలొకరు విజయవాడనుండి వచ్చి, బందులవలన తిరిగిపోలేక మా యింట చిక్కుకొనిరి. ఒక ఉదయము పెరటిలో ఆమె బియ్యమేరుచు, మేము గిన్నెలు తోముచుంటిమి. మాటలలో ఆమె గట్టిగా, "మనవాళ్ళు రాకమునుపు వీళ్ళకు పప్పన్నము తెలుసునా? జొన్నరొట్టె, గొడ్డుకారమే కదా!" అనిరి. మేము నవ్వితిమి. ఏల నవ్వితిమి? అతిథి గదా యని యనవచ్చును. ఆ దినములలో మేమును చిరాకుతో నుంటిమని యనవచ్చును. కాని నిజముగా, ఆ మాటలో నొక మూల మాకును కొంత రుచి యుండెను. తలయెత్తి చూతుము గదా, గోడ కావల అక్కయ్య బట్టలు ఆరవేయుచున్నది. ఆమె యేమియు ననలేదు. చేతిలోని తడిచీరను మరియొకసారి దులిపి, తీగమీద సరిగా పరచి, లోపలికి పోయినది.

ముందటిరాత్రి చిక్కుడుకాయకూర వచ్చిన గిన్నె అప్పుడు మా చేతిలోనే యున్నది. తోమి బోర్లించితిమి.

మరునాడు దానిలో పులిహోర వేసి పంపుదమనుకొంటిమి. పులిహోర పొయ్యిమీదనుండి దిగిన పిమ్మట చేయి సాగలేదు. పండుగ వంట పంపిన, చూడుము మా వంట యెట్లుండునో యని చెప్పినట్లగును. అరిసెలు పంపిన నదియే. ఏది వేసినను అది మా వంటయే కదా! పంచదార వేసి పంపిన, ఋణము తీర్చుకొని తలుపు వేసికొన్నట్లు. వట్టిది పంపరాదు. గిన్నె అలమారలో నున్నది. ఉప్పు తీసినను చింతపండు తీసినను అది కంటబడును. వానికి కన్నులు కడుగుటకు ఇప్పుడు మాకు గుమ్మము లేదు. కిటికీ మాత్రమున్నది. రాత్రి పదింటికి వాడు వచ్చుట, అక్కయ్య చెంబుతో బయట నిలుచుట అందుండి చూచెడివారము. బంధువురాలు రైళ్ళు నడచిన పిమ్మట వెడలిపోయిరి. ఆమెకీ సంగతి యేదియు తెలియదు.

జనవరి వచ్చినది. సంక్రాంతికి నాలుగు దినములున్నవనగా ఉదయముననే అక్కయ్య యింటిలోనికి పిండి వచ్చుట, జల్లెడ చప్పుడు వినబడినవి. వీథి స్త్రీలు ఒక్కొక్కరే పోవుచుండిరి. మమ్ము పిలువలేదు. మేము వంట చేసితిమి, దింపితిమి, మూతపెట్టితిమి. పదకొండు గంటలకు ఇక నిలువజాలక, అలమారలోని గిన్నె తీసి, వట్టిదే చేతపట్టుకొని, గోడవైపు గాక వీథి గుమ్మమువైపునుండి పోయితిమి.

అందరును తలలెత్తి చూచిరి. అక్కయ్య గిన్నెవంక చూచి, "ఖాళీ గిన్నె తెచ్చినవా?" అన్నది.

"పెట్టుటకు మా యింట తగినదేదియు దొరకలేదు, అక్కయ్యా" అంటిమి.

ఆమె మారుపలుకలేదు. బట్టకొసన మా చోటు వట్టిగానే యున్నది. అందు కూర్చుండి, పిండి తీసికొని, చుట్ట నారంభించితిమి. చేయి వణకుచుండెనేమో, చుట్టు సగమునకే తెగిపోవుచుండెను. రెండు తెగినవి, మూడు తెగినవి. నాలుగవది తెగినపుడు అక్కయ్య లేచివచ్చి, ప్రక్కన కూర్చుండి, మా మణికట్టు పట్టుకొని, "అంత గట్టిగ పట్టకు" అన్నది. కొంతసేపటికి, ఇతరులు వినకుండ, "ఆమె అన్నది నాకేం గాలె. ఊరునుంచి వచ్చిన మనిషి, నాలుగొద్దులుంటది, పోతది. నువ్వు నవ్వినవ్ గద" అన్నది.

"నవ్వితిని, అక్కయ్యా. తప్పు నాదే. ఎందుకు నవ్వితినో నాకే సిగ్గుగా నున్నది."

"ఇరువయ్యేండ్లు తిన్నవ్ చెల్లె నా చేతి రొట్టె."

దానికి మేమేమి చెప్పగలము? పిండిలోనికి కన్నీరు పడకుండ ముఖము త్రిప్పుకొంటిమి. ఎవరో నూనె కాగినదని కేకవేసిరి. ఆమె లేచిపోయినది. మధ్యాహ్నము రెండు గంటలవరకు చుట్టితిమి. వచ్చునపుడు ఆమె మా గిన్నె నిండ సకినాలు వేసి యిచ్చినది. చూతుము గదా, అన్నియు వంకరవి, తెగినవి, మేము చుట్టినవే. "నీవి నీకే ఇస్తున్న, మా పొల్లగాండ్లు తినరు" అన్నది. ఆ సాయంకాలము బాబు గోడదగ్గరకు వచ్చి, "పిన్నీ, దిబ్బరొట్టె ఎప్పుడు?" అని యడిగెను. తల్లి పంపినదో, తానే వచ్చెనో మేమడుగలేదు.

ఒక్కనాటితో నంతయు సరిపోయినదని చెప్పిన నది కల్లయగును. కొంతకాలము మాటలు ఏరుకొని మాటాడితిమి. వార్తలు వచ్చునపుడు రెండిండ్లలోను టెలివిజను తగ్గించి పెట్టుకొంటిమి. ఏ రాష్ట్రము న్యాయము, ఏది కాదు అను విషయమున ఆమె అభిప్రాయము ఆమెది, మాది మాది. అది మారలేదు. వంట విషయమున మాత్రము దాపరికము పోయినది. "నీ గుత్తివంకాయలో బెల్లమెక్కువ" అని ఇరువదియేండ్లు కడుపులో పెట్టుకొన్న మాటను ఆ యేడే బయటపెట్టినది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. ఆ ఉదయము షాబాదుబండమీద గిన్నె యుండెను. అందులో బచ్చాలు, నేతితో. మనము బొబ్బట్లందుము. ఏ పండుగకని మేమడుగలేదు, ఆమె చెప్పలేదు. తింటిమి, చాల బాగుండెను. మరునాడు గిన్నెలో దిబ్బరొట్టె వేసి పంపితిమి.

ఇంకొక సంగతి. ఆ విజయవాడ బంధువురాలికి కొన్నియేండ్లకు మధుమేహము వచ్చినది. వైద్యుడు జొన్నరొట్టె తినుమని చెప్పెనట. రొట్టె విరుగకుండ తట్టు టెట్లని మాకు ఫోను చేసిరి. మాకే రాదని చెప్పి, ఫోను గోడమీదుగా అక్కయ్య కందించితిమి. నీళ్ళు బాగుగా మరిగించి పిండిలో పోయుమనియు, వేడిగా నున్నప్పుడే అరచేతి మడమతో మెదుపుమనియు, పాతపిండి వాడవద్దనియు, పిడికెడు పిండితో మొదలుపెట్టుమనియు అక్కయ్య పావుగంటసేపు ఓపికతో చెప్పినది. ఫోను తిరిగి ఇచ్చునపుడు మా ముఖము చూచినది. ఈసారి ఇద్దరమును నవ్వితిమి.

ఆ యిండ్లిప్పుడు లేవు. గోడ తీసివేసి, రెండు స్థలములు కలిపి, ఐదంతస్తుల మేడ కట్టినారు. అందులో మాకొక వాటా వచ్చినది. అక్కయ్య తనది అద్దెకిచ్చి, పెద్దకుమారునియొద్ద ఉప్పలునకు పోయినది. షాబాదుబండ యేమైనదని కూలివారి నడిగితిమి గాని, రాళ్ళతోబాటు బండి యెక్కించిరట. అయినను 2017 నవంబరునుండి మెట్రో రైలు నడచుచున్నది. తార్నాకలో నెక్కిన హబ్సిగూడ, ఎన్.జి.ఆర్.ఐ., స్టేడియము దాటగనే ఉప్పలు. శుక్రవారమునాడు ఆమె వచ్చుట గాని, మేము పోవుట గాని వాడుకైనది. సంచులను పరీక్షించు యంత్రములోనుండి మా సొట్టగిన్నె మూతతో దూరి అటువైపు వచ్చును.

గిన్నె ప్రస్తుతము మా యింటనున్నది. రేపు శుక్రవారము. అక్కయ్యకు పండ్లు కదలుచున్నవట, గట్టివి పనికిరావు. ఏమి తెత్తునని నిన్న ఫోనులో నడిగితిమి.

"పచ్చిపులుసు తే" అన్నది. "మరగబెట్టకు."